వాన లేని ఉరుము

2020 ఆగస్టు 16, ఆదివారం. ఇంకా తెల్లారక ముందే శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా ఉరుములకు ఉలిక్కిపడి లేచింది. పసిఫిక్ తీరాన ఉన్న ఆ ఊళ్లలో వేసవిలో ఉరుము వినపడటమే అరుదు. చల్లటి సముద్రం మీద నుంచి వచ్చే గాలి, దాని వెంట కమ్ముకునే పొగమంచు, నెలల తరబడి వాన చుక్క పడని ఆకాశం. అక్కడి వేసవి ఏటా ఇంతే. అలాంటిది ఆ రాత్రి ఆకాశం ఈ కొస నుంచి ఆ కొస దాకా మెరుస్తూనే ఉంది. శాన్‌హోసే, ఫ్రీమాంట్, మిల్పిటాస్, సన్నీవేల్ లాంటి చోట్ల తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. తొలకరి ఉరుములు వింటూ పెరిగినవాళ్లకు ఉరుము వినబడితే వెనకాలే వాన వస్తుందన్న నమ్మకం. ఆ తెల్లవారుజామున ఉరుము వచ్చింది, ఈదురుగాలి వచ్చింది, పిడుగులూ పడ్డాయి. వాన మాత్రం చాలాచోట్ల నేలను తడపలేదు.

మూడు రోజుల్లో కాలిఫోర్నియా రాష్ట్రంలో సుమారు 11 వేల పిడుగులు పడ్డాయి. వాటితో వందలాది మంటలు రేగాయి. చిన్న మంటలు కలిసి పెద్దవయ్యాయి. శాన్‌హోసేకు తూర్పున డయాబ్లో కొండల్లో రేగిన ఎస్‌సీయూ లైట్నింగ్ కాంప్లెక్స్ దాదాపు 4 లక్షల ఎకరాలను కాల్చింది. ఆ కొండల్లోనే మౌంట్ హామిల్టన్ మీద 1888 నాటి లిక్ అబ్జర్వేటరీ ఉంది. మంట గుమ్మటాల దగ్గర దాకా వచ్చింది, అగ్నిమాపక సిబ్బంది వాటిని కాపాడగలిగారు. ఉత్తరాన నాపా, సొనోమా వైపు మరో 3.6 లక్షల ఎకరాలు పోయాయి. ఇంకా పైన మెండోసినో అడవుల్లో పిడుగులతో మొదలైన ఆగస్ట్ కాంప్లెక్స్ 10 లక్షల ఎకరాలు దాటింది. కాలిఫోర్నియా ఆధునిక రికార్డుల్లో ఒక్క కార్చిచ్చు అంత మేర పాకడం అదే మొదటిసారి.

శాంతాక్రూజ్ కొండల్లో ఉన్న బిగ్ బేసిన్ 1902లో ఏర్పడింది. కాలిఫోర్నియాలో అన్నిటికన్నా పాత స్టేట్ పార్కు అది. అక్కడి రెడ్‌వుడ్ చెట్లలో వెయ్యేళ్లు దాటినవి ఉన్నాయి. ఆగస్టు 18 రాత్రి గాలి ఊపందుకోవడంతో పిడుగులు రేపిన మంట పార్కులోకి వచ్చేసింది. పాత కార్యాలయ భవనంతో సహా అక్కడి కట్టడాలు బూడిదయ్యాయి. చెట్లు మాత్రం చాలావరకు బతికాయి. నిలువునా నల్లబడ్డ మానులు కొన్నాళ్లకే బెరడు చీల్చుకుని పచ్చగా చిగురించాయి. ఆ చిగుళ్లను పెంచిన చక్కెరలు ఆ చెట్లు దశాబ్దాల కిందట తయారుచేసి దాచుకున్నవని 2023లో ఒక పరిశోధన తేల్చింది.

ఆ వారం నేల మీద నిప్పుకు కావలసినవన్నీ సిద్ధంగా ఉన్న మాట నిజమే. అదే ఆదివారం మధ్యాహ్నం డెత్ వ్యాలీలో 54.4 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. గడ్డి, పొదలు ఎండి గలగలలాడుతున్నాయి. కాకపోతే కాలిఫోర్నియాలో ఏ ఆగస్టులోనైనా గడ్డి ఎండే ఉంటుంది. ఆ ఏడాది కొత్తగా వచ్చిందల్లా నేలకు కొన్ని కిలోమీటర్ల పైన పరుచుకున్న ఒక తేమ పొర. మెక్సికో తీరానికి పడమర పసిఫిక్‌లో ఫాస్టో అనే చిన్న ఉష్ణమండల తుపాను పుట్టింది. అట్టే కాలం నిలవలేదు. దాని చుట్టూ ఉన్న తేమ మాత్రం పైగాలుల వెంట ఉత్తరానికి కదిలి, కాలిఫోర్నియా మీది వేడి పొడిగాలికి పైకప్పులా చేరింది. కింద కాగిన నేల, మధ్యలో పొడిగాలి, ఆ పైన తేమ. అగ్నిమాపక దళాలను ఎక్కువగా భయపెట్టే వాతావరణం ఇదే.

కార్చిచ్చు ముప్పును లెక్కగట్టే పాత పద్ధతులు చాలావరకు నేల మీదికే చూస్తాయి. కెనడాలో రూపుదిద్దుకుని ఎన్నో దేశాలకు పాకిన ఫైర్ వెదర్ ఇండెక్స్‌కు నాలుగు అంకెలు చాలు. మధ్యాహ్నపు ఉష్ణోగ్రత, గాలిలో తేమ శాతం, గాలి వేగం, గడిచిన 24 గంటల్లో పడ్డ వాన. గడ్డిపోచ ఎంత ఎండింది, కింద పేరుకున్న ఆకుదుబ్బు ఎంత ఎండింది, అంటుకుంటే మంట ఎంత జోరుగా సాగుతుంది అన్నవి ఆ నాలుగింటితోనే తేలిపోతాయి. మంచి లెక్కే, ఎన్నో ప్రాణాలు కాపాడిన లెక్క. కానీ పైన ఏ మబ్బు ఉందో, అది ఏం చేయబోతోందో అందులో లేదు. 1988లో అమెరికన్ శాస్త్రవేత్త డొనాల్డ్ హైన్స్ ఈ లోటు పూడ్చే ప్రయత్నం చేశాడు. రెండు ఎత్తుల మధ్య ఉష్ణోగ్రత ఎంత తగ్గుతోంది, పైగాలి ఎంత పొడిగా ఉంది అన్న రెండు సంగతులు కలిపి 2 నుంచి 6 దాకా ఒక సూచీ కట్టాడు. ఆస్ట్రేలియా వేసవిలో ఆ సూచీ మాటిమాటికీ 6కు చేరి ఆగిపోతుండటంతో, 2010లో అక్కడి శాస్త్రవేత్తలు దాన్ని పైకి పొడిగించుకున్నారు.

మబ్బు అడుగు ఎంత ఎత్తున ఉందన్నది ఈ మొత్తం వ్యవహారంలో కీలకం. దానికో సులువైన లెక్క ఉంది. గాలిని ఎంత ఉష్ణోగ్రతకు చల్లబరిస్తే అందులోని ఆవిరి నీటిబొట్టుగా మారుతుందో దాన్ని తుషార స్థానం అంటారు. నేల మీది ఉష్ణోగ్రతలోంచి తుషార స్థానాన్ని తీసేసి, మిగిలిన డిగ్రీలను 125తో గుణిస్తే, నేల నుంచి పైకి లేచే గాలి ఎన్ని మీటర్ల ఎత్తున మబ్బు కడుతుందో ఇంచుమించుగా వస్తుంది. ఆగస్టులో విజయవాడలో 32 డిగ్రీల ఎండ, 26 డిగ్రీల తుషార స్థానం ఉన్న రోజును తీసుకుందాం. తేడా 6. మబ్బు అడుగు 750 మీటర్లు. అందులోంచి రాలిన చినుకు నిమిషాల్లో, పెద్దగా తరగకుండా నేలకు చేరుతుంది. ఇప్పుడు కాలిఫోర్నియా లోపలి లోయల్లో 40 డిగ్రీల ఎండ, 8 డిగ్రీల తుషార స్థానం అనుకుందాం. తేడా 32. మబ్బు అడుగు 4 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. నేల దగ్గర గాలిలో తేమ 14 శాతమే. అంత ఎత్తు నుంచి అంత పొడిగాలిలోంచి దిగాల్సిన చినుకు దారిలోనే ఆవిరైపోతుంది. దూరం నుంచి చూస్తే మబ్బు కింద బూడిదరంగు చారలు వేలాడుతూ, నేలకు చాలా పైనే చెదిరి మాయమవుతూ కనిపిస్తాయి. వాతావరణ శాస్త్రంలో వీటిని విర్గా అంటారు.

పోయింది వాన ఒక్కటే అయితే నష్టం సగమే. చినుకు ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని చుట్టూ ఉన్న గాలిలోంచే తీసుకుంటుంది. వేసవిలో మట్టికుండలో నీళ్లు చల్లబడేది ఈ సూత్రంతోనే. కిలో గాలిలో ఒక్క గ్రాము నీరు ఆవిరైతే ఆ గాలి రెండున్నర డిగ్రీలు చల్లబడుతుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి కిందికి పడుతుంది. కిలోమీటర్ల పొడవునా చినుకులు ఆవిరవుతూనే ఉంటే ఆ గాలి వేగం పుంజుకుంటూ వచ్చి నేలను గుద్ది, నాలుగు దిక్కులకూ ఈదురుగాలై పరుగెడుతుంది. అంటే ఒకే మబ్బు నిప్పు పెట్టగలదు, దాన్ని ఆర్పాల్సిన నీటిని దారిలోనే పోగొట్టగలదు, ఆ పోగొట్టుకున్న నీటితోనే మంటను ఎగదోసే గాలినీ పుట్టించగలదు.

ఈ గాలి ఎంత ప్రమాదమో అరిజోనాలోని యార్నెల్ హిల్‌లో 2013లో తెలిసొచ్చింది. జూన్ 28 సాయంత్రం అక్కడి కొండ మీద పడ్డ పిడుగు చిన్న మంటను రేపింది. రెండు రోజులకు అది ఈశాన్యం వైపు సాగుతోంది. జూన్ 30 మధ్యాహ్నం ఉత్తరాన ఎత్తున ఉరుము మబ్బులు లేచాయి. వాటి నుంచి బలమైన గాలులు రావచ్చని వాతావరణ కార్యాలయం ఆ మధ్యాహ్నమే హెచ్చరికలు పంపింది. అవి వచ్చాయి. ఈశాన్యం నుంచి తోసుకొచ్చిన ఆ గాలికి మంట ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. అంతసేపూ మంటకు పక్కగా ఉన్న అంచు ఇప్పుడు ముందు వరసైంది. ప్రెస్కాట్ పట్టణానికి చెందిన గ్రానైట్ మౌంటెన్ హాట్‌షాట్స్ అగ్నిమాపక దళం అప్పటికే కాలిన సురక్షితమైన నేలను వదిలి, చుట్టూ పొదలున్న ఒక లోయలోకి దిగి నడుస్తోంది. సాయంత్రం నాలుగున్నర దాటాక మంట ఆ లోయ నోటిని మూసేసింది. 19 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఇరవైలలో ఉన్న కుర్రాళ్లు. తమ మీద చినుకైనా రాల్చని మబ్బు వాళ్ల దారి మూసేసింది.

ఇలాంటి రోజును ముందే పసిగట్టడానికి ఆకాశం కొన్ని ఆనవాళ్లు ఇస్తుంది. 1802లో లండన్‌లో ల్యూక్ హోవర్డ్ అనే ఔత్సాహికుడు మబ్బులకు లాటిన్ పేర్లు పెట్టిన దగ్గర్నుంచి వాటి ఆకారం చదవడం ఒక విద్య అయింది. అన్నిటికన్నా పైన, మంచు స్ఫటికాలతో పలచటి పోగుల్లా ఉండేవి సిర్రస్. వాటంతట అవి నిప్పు పెట్టవు. కానీ పైన గాలి మారుతోందని, ఒక్కోసారి వెనకాలే శీతల వాయుముఖం వస్తోందని చెబుతాయి. వాటికి కింద, నేలకు రెండు నుంచి ఏడు కిలోమీటర్ల మధ్య కట్టే ఆల్టోక్యుములస్‌లో కాస్టెలానస్ అనే రకం మీద అగ్ని వాతావరణ నిపుణులు కన్నేసి ఉంచుతారు. ఒకే చదునైన అడుగు మీద వరసగా చిన్నచిన్న బురుజులు లేచి ఉంటాయి. వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువ. పొద్దున్నే, నేల ఇంకా చల్లగా ఉండగానే ఈ బురుజులు లేచాయంటే పైపొరలో గాలి అస్థిరంగా ఉందన్నమాట. నేల వేడి సాయం లేకుండానే అది లేస్తోంది. మధ్యాహ్నానికో, మరుసటి రాత్రికో అవే ఉరుము మబ్బులుగా ఎదగవచ్చు. ఆ ఆగస్టు రాత్రి బే ఏరియా మీద ఉరిమినవి కూడా ఇలా పైపొరలోనే పుట్టిన మబ్బులు. కింద సముద్రపు చల్లగాలి ఎప్పట్లాగే నేలను అంటిపెట్టుకుని ఉంది, అయినా వాటిని ఆపలేకపోయింది.

కంటికి కనిపించేదాన్ని బెలూన్ ఖరారు చేస్తుంది. ప్రపంచమంతటా రోజుకు రెండుసార్లు, ఒకే వేళకు, రేడియోసాండ్ అనే కొలత పరికరం కట్టిన బెలూన్లు ఎగరేస్తారు. భారత కాలమానంలో అది ఉదయం, సాయంత్రం ఐదున్నర. అవి పంపిన ఉష్ణోగ్రత, తుషార స్థానం గీతలు నేల దగ్గర బాగా దూరంగా ఉండి, పైకి పోయేకొద్దీ దగ్గరై నాలుగైదు కిలోమీటర్ల ఎత్తున దాదాపు కలుసుకుంటే, తలకిందులైన ఇంగ్లిష్ 'వి' అక్షరం కనిపిస్తుంది. నిపుణుడు ఆ ఆకారం చూడగానే పొడి పిడుగుల హెచ్చరికకు సిద్ధమవుతాడు. 2.5 మిల్లీమీటర్ల కన్నా తక్కువ వానతో పడేదాన్ని పొడి పిడుగు అనడం అమెరికాలో వాడుక. 1987 నుంచి 2020 దాకా మధ్య, ఉత్తర కాలిఫోర్నియాల్లో నేలను తాకిన పిడుగులను పరిశీలిస్తే వాటిలో 46 శాతం ఇలాంటివేనని 2022లో ఒక అధ్యయనం చెప్పింది.

నేలను తాకిన ప్రతి పిడుగూ నిప్పు రాజేయదు. మామూలు పిడుగులో ప్రధాన విద్యుత్ ప్రవాహం మిల్లీసెకనులోపే అయిపోతుంది. చెట్టును చీల్చగలదు కానీ అంటించడానికి ఆ సమయం చాలకపోవచ్చు. కొన్నింటిలో మాత్రం ప్రవాహం పదుల, వందల మిల్లీసెకన్ల పాటు ఆగకుండా సాగుతుంది. నిప్పు పెట్టేవి ముఖ్యంగా ఇవే. అంటుకున్నాక కూడా మంట వెంటనే బయటపడాలనేం లేదు. చెట్టు మొదట్లో పేరుకున్న ఆకుదుబ్బులో, వేరులో రోజుల తరబడి రాజుకుంటూ ఉండి, తేమ తగ్గి గాలి లేచిన రోజున పైకొస్తుంది. అందుకే పిడుగులు పడ్డ వారం తర్వాత కూడా కొండల మీద కాపలా ఉంచుతారు.

పైగాలి పొడిదనం మబ్బు లేకుండా కూడా నేలకు దిగిరాగలదు. 2003 జనవరి 18న ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలో అదే జరిగింది. పది రోజుల కిందట, జనవరి 8న పడ్డ పిడుగులతో కొండల్లో మంటలు మొదలయ్యాయి. 18న పైనుంచి దిగిన అతి పొడిగాలి ఆ ప్రాంతాన్ని కమ్మింది. ఆస్ట్రేలియా వాతావరణ పరిశోధకుడు గ్రాహమ్ మిల్స్ తర్వాత ఉపగ్రహ చిత్రాలు తిరగేస్తే, నీటి ఆవిరిని చూపే చిత్రాల్లో ఒక నల్లటి పట్టీ ఆ రోజు కాన్‌బెరా వైపు కదులుతూ కనిపించింది. మామూలు ఛాయాచిత్రంలో కనబడని పొడిగాలి అది. ఆ మధ్యాహ్నం మంటలు నగర శివార్లలోకి వచ్చాయి. నలుగురు చనిపోయారు, దాదాపు 500 ఇళ్లు కాలిపోయాయి. మౌంట్ స్ట్రామ్లో అబ్జర్వేటరీలో 1868 నాటి గ్రేట్ మెల్బోర్న్ టెలిస్కోప్ కూడా మంటల పాలైంది. నక్షత్రాల కోసం వెతికి ఎంచుకునే ఎత్తైన పొడి కొండలే కార్చిచ్చుకూ అనువైన చోట్లు కావడం ఖగోళ శాస్త్రానికి పట్టిన దురదృష్టం.

కాన్‌బెరాలో ఆ రోజు ఇంకో సంగతి కూడా జరిగింది. మంట తన మబ్బును తనే కట్టుకుంది. మంట వేడికి లేచిన గాలి పొగనూ, తేమనూ మోసుకుని పైకి పోయి, ఘనీభవించి, ఉరుము మబ్బుగా మారింది. దీన్ని పైరోక్యుములోనింబస్ అంటారు. ప్రపంచ వాతావరణ సంస్థ 2017లో తన మేఘాల అట్లాస్‌ను సవరించినప్పుడు, మంట నుంచి పుట్టే మబ్బులకు ఫ్లమాజెనిటస్ అనే పేరు చేర్చింది. ఇందులో పొగ రేణువులు కోట్లలో ఉంటాయి. ఉన్న నీరు వాటన్నిటికీ పంపకమై చుక్కలు అతి చిన్నవిగా మిగులుతాయి. కలిసి వానగా రాలలేవు. పిడుగులు మాత్రం పడతాయి. కాన్‌బెరా మంట సుడిగాలినీ పుట్టించింది. అది నిజమైన టోర్నడోయేనని దాదాపు దశాబ్దం తర్వాత అక్కడి పరిశోధకులు నిరూపించారు. 2009 ఫిబ్రవరి 7న, 173 మందిని బలిగొన్న విక్టోరియా మంటల రోజున, ఇలాంటి మబ్బుల పిడుగులు అసలు మంటకు ఎంతో దూరాన కొత్త మంటలు పెట్టాయి. 2021 జూన్ 29న కెనడాలోని లిట్టన్‌లో 49.6 డిగ్రీలు నమోదయ్యాయి, మర్నాడు ఊరే కాలిపోయింది. ఆ సాయంత్రం నుంచి తెల్లారేలోగా బ్రిటిష్ కొలంబియా, దాని పక్కనున్న ఆల్బర్టా వాయవ్య భాగంలో 7 లక్షలకు పైగా మెరుపులు లెక్కకొచ్చాయి. వాటిలో చాలావాటిని పుట్టించింది పొగ మబ్బులే.

ఈ పొగ ఎంత ఎత్తుకు పోతుందో 1990ల చివరిదాకా ఎవరూ సరిగ్గా ఊహించలేదు. స్ట్రాటోస్ఫియర్‌లో కొత్త రేణువుల పొర కనబడితే అగ్నిపర్వతం పేలి ఉంటుందనే అనుకునేవారు. అమెరికా నావల్ రీసెర్చ్ లేబొరేటరీకి చెందిన మైక్ ఫ్రామ్, ఆయన సహచరులు 1998 వేసవి నాటి ఉపగ్రహ కొలతలను పట్టుకుని, ఆ పొరలు ఉత్తరాది అడవుల పొగవని చూపించారు. 2001 మే నెలలో ఆల్బర్టాలోని చిజమ్ మంట దాన్ని ఇంకా గట్టిగా రుజువు చేసింది. 2017 ఆగస్టు 12న బ్రిటిష్ కొలంబియా మంటల పొగ సుమారు 12 కిలోమీటర్ల ఎత్తుకు చేరాక ఆగలేదు. అందులోని మసి ఎండను పీల్చుకుని వేడెక్కి, రెండు నెలల్లో 23 కిలోమీటర్ల దాకా తనంతట తాను లేచింది. ఎనిమిది నెలలకు పైగా అక్కడే ఉంది.

మన నల్లమల, శేషాచలం అడవుల కథ వేరు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆకు రాల్చి, గడ్డి ఎండిన ఆ అడవుల్లో మంటలు దాదాపు అన్నీ మనుషుల చేతుల మీదుగా మొదలయ్యేవే. అయినా ఎత్తైన మబ్బుతో మనకూ ఒక పని ఉంది. హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ షాద్‌నగర్‌లో ఉపగ్రహ సమాచారం అందుకుంటుంది. అందులో నిప్పు జాడ కనబడితే ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ద్వారా కింది స్థాయి అటవీ సిబ్బంది ఫోన్లకు సందేశం వెళ్తుంది. ఉపగ్రహం పట్టుకునేది మంట వెలువరించే పరారుణ కిరణాలను. మధ్యలో దట్టమైన మబ్బు అడ్డొస్తే అవి పైదాకా చేరవు. మబ్బు పట్టిన రోజున బీట్ ఆఫీసర్ ఫోన్ మోగలేదంటే అడవిలో నిప్పు లేదని అర్థం కాదు. ఆ రోజుల్లో కళ్లే దిక్కు.

ఇప్పుడు జరుగుతున్న పనిలో ఎక్కువ భాగం మంట ఎప్పుడు మబ్బు కడుతుందో ముందే చెప్పడం గురించి. ఆస్ట్రేలియా వాతావరణ సంస్థకు చెందిన కెవిన్ టోరీ దీన్ని తలకిందులుగా పట్టుకున్నాడు. ఈ రోజు గాలి పొరల తీరు చూస్తే, ఉరుము మబ్బు కట్టాలంటే మంటకు కనీసం ఎంత శక్తి కావాలి? ఆ అంకె తక్కువగా ఉన్న రోజున ఓ మోస్తరు మంట కూడా పిడుగులు కురిపించవచ్చు. ఎక్కువగా ఉంటే పెద్ద మంటకూ సాధ్యం కాకపోవచ్చు. ఈ లెక్క సరిగ్గా రావాలంటే మంట పక్కనే గాలిని కొలవాలి. రోజుకు రెండు బెలూన్లు, అవీ వందల కిలోమీటర్ల దూరాన ఎగిరేవి, చాలవు. అందుకే శాన్‌హోసే స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు క్రెయిగ్ క్లెమెంట్స్ నాయకత్వంలో లేజర్‌తో గాలిని కొలిచే లైడార్‌ను ట్రక్కుకెక్కించి మంటల దగ్గరికే తీసుకెళ్తున్నారు, అక్కడి నుంచే బెలూన్లు వదులుతున్నారు. 2016లో ఇడాహోలోని పయొనీర్ మంట మీదికి వెళ్లిన పరిశోధక విమానంలోని రాడార్, ఆ పొగ స్తంభంలో గాలి సెకనుకు 58 మీటర్ల వేగంతో, అంటే గంటకు 200 కిలోమీటర్లకు పైగా, నిట్టనిలువునా లేస్తోందని కొలిచింది. తీవ్రమైన తుపానులో అడ్డంగా వీచే గాలి వేగం అది.